ఒకే మార్కులు, రెండు తీర్పులు: మతిమరుపు లెక్కల్లో జాతి ఎక్కడుంది?

ఇద్దరు రిటైరైన ఆటగాళ్లు ఒకే డాక్టరు ముందు కూర్చున్నారనుకోండి. ఒకే వయసు, ఒకే చదువు. జ్ఞాపకశక్తి పరీక్షలో ఇద్దరికీ అవే మార్కులు వచ్చాయి. తెల్లజాతి ఆటగాడి కాగితం మీద డిమెన్షియా మొదలైందని, పరిహారానికి అర్హుడని రాశారు. నల్లజాతి ఆటగాడి కాగితం మీద మామూలుగానే ఉందని రాసి పంపేశారు.

ఇద్దరు ఆటగాళ్లు నా ఊహే. లెక్క మాత్రం అమెరికాలో కొన్నేళ్లపాటు నిజంగా నడిచింది.

అక్కడి నేషనల్ ఫుట్‌బాల్ లీగ్ ఆడించేది మనం ఫుట్‌బాల్ అనుకునే ఆట కాదు. హెల్మెట్లు పెట్టుకుని ఒకరినొకరు గుద్దుకునే ఆట. ఏళ్ల తరబడి తలకు తగిలిన దెబ్బల వల్ల మెదడు పాడైందని మాజీ ఆటగాళ్లు వేలాదిగా కోర్టుకెక్కారు. 2015లో ఫిలడెల్ఫియా ఫెడరల్ కోర్టు ఒక ఒప్పందాన్ని ఆమోదించింది. దాదాపు 20,000 మంది మాజీ ఆటగాళ్లు దాని పరిధిలోకి వచ్చారు. డిమెన్షియా ఉందని తేలితే, అది ఎంత ముదిరిందన్నదాన్ని బట్టి ఒక్కొక్కరికి గరిష్ఠంగా 30 లక్షల డాలర్ల దాకా పరిహారం. ఉందా లేదా, ఎంత ముదిరింది అన్నది తేల్చేది పరీక్ష మార్కులు. ఆ మార్కులను సరిచేసే పద్ధతిలోనే అసలు పేచీ ఉంది.

ఎంసెట్ రాసిన ఇంట్లో నార్మలైజేషన్ అంటే విడమరిచి చెప్పక్కర్లేదు. వేరువేరు రోజుల్లో రాసినవాళ్లను ఒకే తక్కెడలో తూచడానికి వచ్చిన మార్కులను కాస్త అటూ ఇటూ జరుపుతారు. జ్ఞాపకశక్తి పరీక్షల్లోనూ అంతే. ఎనభై ఏళ్ల మనిషిని యాభై ఏళ్ల మనిషితో పోల్చలేం కాబట్టి వయసును బట్టి, చదువును బట్టి మార్కులు సవరిస్తారు. అమెరికాలో వాడుకలో ఉన్న ఒక పద్ధతిలో వీటితోపాటు జాతి గడి కూడా ఉండేది. ఆరోగ్యంగా ఉన్న నల్లజాతి మనిషికి సగటున తక్కువ మార్కులు వస్తాయి కాబట్టి అతని మార్కులను అతని జాతి సగటుతోనే పోల్చాలని దాని లెక్క. అంటే అతని మొదటి మెట్టే కిందుందని అనుకోవడం. కింది మెట్టు మీదున్నవాడు ఇంకెంత కిందికి జారితే జబ్బు అంటారు?

నిజానికి ఈ సవరణ పుట్టింది చెడ్డ ఉద్దేశంతో కాదు. మంచి బడి దొరకని నల్లజాతి మనిషికి తక్కువ మార్కులు రాగానే మెదడు జబ్బు అని ముద్ర వేసేస్తున్నారని, ఆ పొరపాటు జరగకూడదని పెట్టింది. ఆస్పత్రిలో ఒక మనిషిని కాపాడటానికి వేసిన తాడు, పరిహారం పంచే చోటికి వచ్చేసరికి అదే మనిషి మెడకు చుట్టుకుంది. 2020లో కెవిన్ హెన్రీ, నాజే డేవెన్‌పోర్ట్ అనే ఇద్దరు మాజీ ఆటగాళ్లు దీన్ని కోర్టులో నిలదీశారు. 2021 జూన్‌లో లీగ్ ఈ పద్ధతి ఆపుతామని చెప్పింది. 2022 మార్చిలో జడ్జి అనీటా బ్రోడీ మార్పును ఆమోదించారు. పాత కాగితాలు తీసి జాతి గడి లేకుండా మళ్లీ లెక్కేస్తే, మామూలుగానే ఉన్నారని పంపేసినవాళ్లలో వందల మంది పరిహారానికి అర్హులని తేలింది.

ఈ కేసు గురించి చదివినప్పుడు నాకు కోపం కన్నా ముందు ఒక చిక్కుప్రశ్న ఎదురైంది. ఆరోగ్యంగా ఉన్న నల్లజాతివారికి ఆ పరీక్షల్లో సగటు మార్కులు ఎందుకు తగ్గుతున్నాయి? మరోవైపు అదే దేశంలో నల్లజాతి వృద్ధులకు డిమెన్షియా ఎక్కువని చాలా లెక్కలు చెబుతున్నాయి. మార్కులు తక్కువ రావడం వేరు, జబ్బు ఎక్కువ ఉండటం వేరు. ఈ రెండు దారాలూ ఒకదానికొకటి చుట్టుకుపోయాయి.

లెక్కలు ఏం చెబుతున్నాయి

అమెరికాలో 65 ఏళ్లు దాటిన తెల్లజాతివారిలో నూటికి సుమారు 10 మందికి అల్జీమర్స్ డిమెన్షియా ఉందని అంచనా. హిస్పానిక్ (స్పానిష్ మాట్లాడే దేశాల మూలాలున్న, లాటినోలని కూడా పిలిచే) వృద్ధుల్లో అది 14 మందికి, నల్లజాతి వృద్ధుల్లో 19 మందికి. అంటే దాదాపు రెట్టింపు.

ఈ తేడా బీమా లేకపోవడం వల్ల, డాక్టరు దగ్గరికి వెళ్లకపోవడం వల్ల వచ్చిందేమో అన్న అనుమానం సహజం. అందుకే 2016లో వచ్చిన ఒక అధ్యయనం ముఖ్యమైనది. ఉత్తర కాలిఫోర్నియాలోని కైజర్ పర్మనెంటే ఆరోగ్య సంస్థలో సభ్యులైన 2,74,283 మంది వృద్ధుల రికార్డులను 14 ఏళ్లపాటు చూశారు. అందరికీ ఒకే బీమా, అవే ఆస్పత్రులు. ఏటా వెయ్యిమందిలో కొత్తగా డిమెన్షియా వచ్చినవారు నల్లజాతివారిలో 26.6, అమెరికన్ ఆదివాసుల్లో 22.2, లాటినోల్లో 19.6, తెల్లజాతివారిలో 19.3, ఆసియా మూలాలవారిలో 15.2. ఒకే గొడుగు కింద ఉన్నా తేడా పోలేదు. అంటే 65 ఏళ్ల తర్వాత దొరికే బీమా కన్నా చాలా ముందే ఏదో జరిగిపోయింది.

ఇక్కడ ఒక మాట. డిమెన్షియా అన్నది ఒకే జబ్బు పేరు కాదు. జ్ఞాపకం, ఆలోచన, రోజువారీ పనులు చేసుకునే శక్తి సడలిపోయే స్థితిని ఆ పేరుతో పిలుస్తారు. అల్జీమర్స్‌లో అమిలాయిడ్, టావ్ అనే ప్రొటీన్లు మెదడులో పేరుకుంటాయి. మెదడులోని సన్నని రక్తనాళాలు పాడవడం వల్ల వచ్చేది ఇంకో రకం. చాలామంది వృద్ధుల మెదడులో రెండూ కలిసే ఉంటాయి. షికాగోలోని రష్ యూనివర్సిటీలో లీసా బార్న్స్ బృందం చనిపోయినవారు దానం చేసిన మెదళ్లను పరీక్షించి, అల్జీమర్స్ అని పేరుపడ్డ నల్లజాతివారి మెదళ్లలో ఇలాంటి కలగలుపు ఎక్కువని చూపింది. ఈ విషయం మందుల దగ్గర మళ్లీ వస్తుంది.

రక్తంలో ఉందా?

జాతుల మధ్య తేడా అనగానే చాలామంది నోటికి వచ్చే మాట "జీన్స్". అల్జీమర్స్‌కు సంబంధించి బాగా తెలిసిన జన్యురకం ఏపీఓఈ-4. తెల్లజాతివారిలో ఇది ఉంటే ముప్పు బాగా పెరుగుతుంది. నల్లజాతి అమెరికన్లలో దీని ప్రభావం అంతకన్నా బలహీనం. వాళ్లలో ఏబీసీఏ7 అనే మరో జన్యువుకు కాస్త ఎక్కువ పాత్ర ఉందని తర్వాత తేలింది. జన్యువులకు పాత్రే లేదని ఎవరూ అనరు. కానీ రెట్టింపు తేడాను అవి మోయగలవా అన్నదానికి నైజీరియా నుంచి ఒక జవాబు వచ్చింది.

1992లో మొదలైన ఒక అధ్యయనంలో రెండు ఊళ్లను జత చేశారు. ఒకటి అమెరికాలోని ఇండియానాపొలిస్. రెండోది నైజీరియాలోని ఇబాదాన్ నగరం, అందులో ఇదికాన్ అనే పాత పేట. ఇండియానాపొలిస్‌లో నల్లజాతి వృద్ధులు, ఇబాదాన్‌లో యోరూబా వృద్ధులు. హ్యూ హెండ్రీ, నైజీరియా నాడీవైద్యుడు అడెసోలా ఒగున్నియి, వాళ్ల సహచరులు ఒకే పద్ధతిలో రెండుచోట్లా ఇంటింటికీ తిరిగారు. 2001లో ఫలితాలు వచ్చాయి. ఏడాదికి కొత్తగా డిమెన్షియా వచ్చినవారు ఇండియానాపొలిస్‌లో నూటికి 3.24, ఇబాదాన్‌లో 1.35. సగం కూడా లేదు. పైగా యోరూబా వృద్ధుల్లో ఏపీఓఈ-4 ఉన్నా అల్జీమర్స్ ముప్పు పెరిగినట్టు అప్పట్లో కనబడలేదు. పశ్చిమ ఆఫ్రికా మూలాలు రెండుచోట్లా ఉన్నాయి. మారింది ఊరు, తిండి, బీపీ, కొలెస్టరాల్, బతుకు.

దీన్ని చదివి ఆఫ్రికాలో మతిమరుపే లేదనుకోవడం తొందరపాటు. జబ్బుపడ్డ ముసలివాళ్లు త్వరగా చనిపోతే లెక్కలో తక్కువ కనబడతారు. పెద్దతనంలో ఇది మామూలేనని ఇంట్లోవాళ్లు చెప్పకుండా ఉండే అవకాశమూ ఉంది. అయినా అంత తేడాను ఇవి పూర్తిగా మింగేయలేవు.

బీపీ విషయంలోనూ ఇలాంటి మెట్లే కనబడ్డాయి. షికాగోలోని లొయోలా యూనివర్సిటీకి చెందిన రిచర్డ్ కూపర్ 1990ల్లో పశ్చిమ ఆఫ్రికా, కరీబియన్ దీవులు, షికాగో పక్కనున్న మేవుడ్ పట్టణం, ఈ మూడుచోట్లా ఆఫ్రికన్ మూలాలవారి రక్తపోటు కొలిపించారు. బీపీ ఉన్నవారు ఆఫ్రికాలో నూటికి 16, కరీబియన్‌లో 26, అమెరికాలో 33. బానిస ఓడలు నడిచిన దారి వెంటే బీపీ పెరుగుతూ పోయింది. ఇప్పుడు అమెరికాలో నల్లజాతి పెద్దల్లో సగం మందికి పైగా బీపీ ఉంది. నడివయసులో అదుపు తప్పిన బీపీ ముసలితనంలో మెదడును దెబ్బతీస్తుందని చాలా గట్టిగా రుజువైంది.

బడి దగ్గర మొదలైంది

నా దృష్టిలో ఈ కథకు గుండెకాయ బడి.

1945లో మిసిసిపీలో ఒక నల్లజాతి పిల్ల పుట్టిందనుకోండి. 1951లో ఒకటో తరగతిలో చేరుతుంది. తెల్లపిల్లలతో కలిసి చదివే వీలు లేదు. వేర్వేరు బడులు చెల్లవని అమెరికా సుప్రీంకోర్టు చెప్పింది 1954లో, బ్రౌన్ కేసులో. ఆ తీర్పు తర్వాత కూడా దక్షిణాది జిల్లాలు చాలావరకు పదేళ్లకు పైగా మొండికేశాయి. ఆ పిల్ల చదివిన బడికి వచ్చిన పుస్తకాలు తెల్లపిల్లలు వాడి పడేసినవి. టీచర్ల జీతం తక్కువ. పత్తి తీసే రోజుల్లో బడికి తాళం, పిల్లలు చేలో. ఇప్పుడు ఆమెకు ఎనభై దాటాయి. డాక్టరు ఫారం నింపుతూ ఎంతవరకు చదివారని అడిగితే పన్నెండో తరగతి అంటుంది. పక్క కుర్చీలో ఉన్న బోస్టన్ తెల్లావిడ కూడా పన్నెండే అంటుంది. కంప్యూటర్‌కు ఇద్దరూ సమానం. ఒకే టీచరు అయిదు తరగతులకూ చెప్పే బడిలో చదివినవాళ్లకు ఈ సమానత్వం ఎంత నిజమో నేను చెప్పక్కర్లేదు.

న్యూయార్క్‌లోని కొలంబియా యూనివర్సిటీలో జెనిఫర్ మాన్లీ ఈ ముడి దగ్గరే కూర్చున్నారు. ఎన్నేళ్లు చదివారన్నది పక్కనపెట్టి ఎంత బాగా చదవగలరో చూశారు. కొన్ని మాటలిచ్చి పైకి చదవమన్నారు. ఆ చదివే స్థాయిని లెక్కలోకి తీసుకోగానే నల్లజాతి, తెల్లజాతి వృద్ధుల పరీక్ష మార్కుల మధ్య తేడా చాలావరకు కరిగిపోయింది. ఫుట్‌బాల్ లీగ్ ఫారంలో జాతి అని రాసిన గడి నిజానికి బడిని, పుస్తకాన్ని, పత్తిచేనును కప్పిపెట్టిన మూత అన్నమాట. మూత రంగును చూసి లోపల ఉన్నది ఇదేనని తేల్చేశారు.

బడి మార్కులతోనే ఆగదు. చిన్నప్పుడు బాగా చదువుకున్న మెదడుకు ముసలితనంలో కొంత నిల్వ ఉంటుంది. దీన్ని కొలంబియాలోనే పనిచేసే యాకోవ్ స్టెర్న్ చాలాకాలంగా చెబుతున్నారు. ఇద్దరి మెదడులో ఒకే మోతాదులో జబ్బు పేరుకున్నా, నిల్వ ఉన్న మనిషి మరికొన్నేళ్లు మామూలుగానే బండి లాగిస్తాడు. లేని మనిషి ముందే పట్టుబడతాడు. గాదెలో గింజలున్న ఇంటికి కరువు ఆలస్యంగా తెలిసినట్టు. కాబట్టి నాసిరకం బడి రెండుసార్లు దెబ్బ కొడుతుంది. పరీక్షలో లేని జబ్బును చూపించి ఒకసారి, నిజం జబ్బును ముందుగా బయటపెట్టి ఇంకోసారి.

పుట్టిన చోటు కూడా వదలదు. అమెరికా ఆగ్నేయ రాష్ట్రాల్లో పక్షవాతం మరణాలు ఎక్కువ. ఆ ప్రాంతాన్ని స్ట్రోక్ బెల్ట్ అంటారు. అలాంటి రాష్ట్రాల్లో పుట్టి, తర్వాత కాలిఫోర్నియాకు వలసవచ్చి అక్కడే ముసలివాళ్లైనవారిలో కూడా డిమెన్షియా ముప్పు ఎక్కువని 2017లో కైజర్ రికార్డుల నుంచే తేలింది. ఊరు వదిలినా ఊరు ఒంట్లోంచి పోలేదు. దీనికి తోడు 1930ల నుంచి నల్లజాతి పేటలను మ్యాపుల మీద ఎర్రరంగుతో గుర్తుపెట్టి ఇంటి అప్పులు ఇవ్వకపోవడం, హైవేలు, ఫ్యాక్టరీలు ఆ పేటల పక్కనే రావడం, గాలి పాడవడం. రోజూ ఎదురయ్యే అవమానం, టెన్షన్ కూడా శరీరాన్ని వయసుకు ముందే అరగదీస్తాయని మిషిగన్ యూనివర్సిటీ పరిశోధకురాలు ఆర్లీన్ జెరోనిమస్ 1992లోనే రాశారు. మొదట్లో చాలామంది ఒప్పుకోలేదు. ఇప్పుడు ఆ మాట వైద్య పత్రికల్లో మామూలైపోయింది.

హిస్పానిక్ అన్న గడి ఇంకా గందరగోళం. న్యూయార్క్‌లోని వాషింగ్టన్ హైట్స్‌లో ఉండే డొమినికన్ కుటుంబానికి, కాలిఫోర్నియాలో తోటపని చేసే మెక్సికన్ కుటుంబానికి కలిసేది స్పానిష్ భాష ఒక్కటే. ఒక అధ్యయనంలో తేడా పెద్దగా, కైజర్‌లో దాదాపు లేనట్టుగా కనబడటానికి ఇదొక కారణం.

మరి మనవాళ్లు?

కైజర్ లెక్కలో ఆసియా మూలాలవారు అందరికన్నా తక్కువలో ఉన్నారు కదా అని మురిసిపోయే ముందు ఆగాలి. చదువు, ఉద్యోగం, వీసా జల్లెడ దాటి వెళ్లినవాళ్లు వాళ్లు. డిగ్రీలు, డబ్బు ఉన్నవాళ్లను ముందే ఏరేసి, తర్వాత వాళ్లు ఆరోగ్యంగా ఉన్నారని ఆశ్చర్యపోతే ఎలా? మనలాంటి దక్షిణాసియావాళ్లకు షుగరు, గుండెజబ్బు ముప్పు ఎక్కువ. షుగరు మెదడుకు మంచిది కాదు. ఇప్పుడు యాభైల్లో ఉన్న తెలుగు ఐటీ తరం డెబ్బైల్లోకి వచ్చినప్పుడు ఈ అంకె ఇలాగే ఉంటుందని నేను పందెం కాయను.

పైగా ఆ లెక్కలోకి సరిగా రానివాళ్లు ఇంకొకరున్నారు. పిల్లల దగ్గరికి ముసలితనంలో వెళ్లిన అమ్మానాన్నలు.

మా పెద్దమ్మ గుంటూరు జిల్లా పల్లెలో పుట్టింది. బడి మొహం చూడలేదు. పాల లెక్క గోడ మీద బొగ్గుగీతలతో పెట్టేది. నెలాఖరున పాలవాడు ఒక్క గీత ఎక్కువ చెప్పినా పట్టుకునేది. పెదనాన్న పోయాక అన్నయ్య డాలస్ తీసుకెళ్లాడు. అక్కడ స్టవ్ మీద పాలు పెట్టి రెండుసార్లు మరిచిపోతే వదిన భయపడి డాక్టరుకు చూపించమంది. 30 మార్కుల పరీక్ష పెట్టారు. 1975 నుంచి ప్రపంచమంతా వాడుతున్న రకం. మధ్యలో అన్నయ్యే దుబాసీ.

ఇది ఏ సీజన్ అని అడిగారు. జూన్ నెల. పెద్దమ్మ "మృగశిర కార్తె" అంది. అన్నయ్యకు ఏం చెప్పాలో తోచక "వానాకాలం అంటోంది" అన్నాడు. డాలస్‌లో ఎండ మండిపోతోంది. తప్పు. ఈ రోజు తేదీ ఏమిటంటే "జ్యేష్ఠ బహుళ ఏకాదశి, ఇవాళ నాకు ఒంటిపొద్దు" అంది. తప్పు. వందలోంచి ఏడు తీసేస్తూ పొమ్మంటే "ఎవరికివ్వాల్రా ఏడేసి?" అని అడిగింది. అదీ తప్పే. ఒక వాక్యం రాయమన్నారు. బొమ్మ చూసి గీయమన్నారు. పెన్సిలు ఎటువైపు పట్టుకోవాలో చూసుకుంటూ కూర్చుంది. చివరికి 30కి 13. డిమెన్షియా మధ్యదశలో ఉందన్నారు. అన్నయ్య ఆ రాత్రి ఫోన్ చేసి ఏడ్చాడు.

ఈ ఇబ్బంది కొత్తది కాదు. హర్యానాలోని బల్లభ్‌గఢ్‌లో 1990ల్లో మేరీ గంగూలీ, విజయ్ చంద్ర బృందం పనిచేసినప్పుడు ఇదే ఎదురైంది. అక్కడి వృద్ధుల్లో ఎక్కువమందికి చదువు లేదు. అందుకని ఆ పరీక్షను విప్పి హిందీలో మళ్లీ కుట్టారు. వాక్యం రాయమనే బదులు మీ ఇంటి గురించి ఏదైనా చెప్పమన్నారు. కాగితం మీద చదివి కళ్లు మూసుకోమనే బదులు నా మొహం చూసి నేను చేసినట్టు చేయమన్నారు. అలా కొలిచాక కూడా బల్లభ్‌గఢ్‌లో అల్జీమర్స్ చాలా తక్కువగా తేలింది. 65 దాటినవారు వెయ్యిమందిలో ఏటా 4.7 కొత్త కేసులు. పోల్చడానికి తీసుకున్న పెన్సిల్వేనియాలోని మొనాంగహీలా లోయలో 17.5. ఆయుర్దాయం తక్కువ కావడం, గమనించిన కాలం చిన్నది కావడం వంటివి ఇక్కడా ఉన్నాయి.

తర్వాత దేశమంతటి నుంచీ తీసిన లెక్క అంత ఊరటగా లేదు. 2023లో వచ్చిన అంచనా ప్రకారం మన దేశంలో 60 దాటినవారిలో నూటికి 7.4 మందికి డిమెన్షియా ఉంది, అంటే 88 లక్షల మంది. మగవాళ్లకన్నా ఆడవాళ్లలో, పట్నాలకన్నా పల్లెల్లో ఎక్కువ. మిసిసిపీలో జాతి గీసిన గీతను ఇక్కడ ఆడపిల్లను బడికి పంపకపోవడం గీసింది.

చదువు లేకపోయినా మెదడుకు నిల్వ ఇంకో దారిలో రావచ్చని చూపింది మన హైదరాబాదే. నిమ్స్ మెమరీ క్లినిక్‌లో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా రోగుల వివరాలు చూసి 2013లో ప్రచురించింది. తెలుగు, ఉర్దూ, హిందీ, ఇంగ్లీషుల్లో రెండైనా మాట్లాడేవారికి, ఒకే భాష వచ్చినవారికన్నా నాలుగున్నరేళ్లు ఆలస్యంగా జబ్బు బయటపడింది. అప్పటిదాకా ఇలాంటి అధ్యయనాలు ఎక్కువగా కెనడా వంటి చోట్ల వలసవచ్చినవారి మీద జరిగాయి. భాష ప్రభావమా, వలస ప్రభావమా, చదువు ప్రభావమా అన్నది విడదీయడం కష్టమయ్యేది. హైదరాబాదులో బడికి వెళ్లనివాళ్లు కూడా బజారులో రెండు భాషలు మాట్లాడతారు. వాళ్లలోనూ ఆ తేడా కనబడింది. పాతబస్తీలో కూరగాయలమ్మే ఆమె బేరాలు న్యూరాలజీ పత్రికలో వాదనను తేల్చడానికి పనికొచ్చాయంటే నాకు భలే ముచ్చటేసింది. అయితే ఇది ఆస్పత్రికి వచ్చిన రోగుల లెక్క. ఊళ్లో ఉన్న అందరి లెక్కా కాదు. రెండో భాష నేర్చుకుంటే జబ్బు రాదని ఎవరైనా యూట్యూబులో చెబితే నమ్మకండి.

మందు ఎవరికి?

2023 జూలైలో అమెరికా లెకానెమాబ్ అనే మందుకు పూర్తి అనుమతి ఇచ్చింది. మెదడులో పేరుకున్న అమిలాయిడ్‌ను తీసేసే మందు. జబ్బును ఆపదు, కాస్త నెమ్మదింపజేస్తుంది. మెదడు వాపు, రక్తస్రావం ప్రమాదాలున్నాయి. దాన్ని పరీక్షించిన 1,795 మందిలో నల్లజాతివారు నూటికి ముగ్గురు కూడా లేరు. జబ్బు రెట్టింపు ఉన్నవాళ్లు పరీక్షలో అంత తక్కువ ఎలా అయ్యారు?

నమ్మకం లేకపోవడం ఒక కారణం. అలబామాలోని టస్కీగీలో 1932 నుంచి 1972 దాకా సిఫిలిస్ ఉన్న 399 మంది నల్లజాతి మగవాళ్లకు, పెన్సిలిన్ వచ్చాక కూడా, వైద్యం ఇవ్వకుండా ప్రభుత్వ డాక్టర్లే చూస్తూ కూర్చున్నారు. ఆ కథ తెలిసిన ఇంట్లో తాతను కొత్త మందు పరీక్షకు తీసుకెళ్లడం అంత తేలిక కాదు. జబ్బు ఆలస్యంగా తేలడం రెండో కారణం. ఈ మందు మొదటి దశలోనే ఇస్తారు.

మూడోది కొంచెం తిరకాసు. ఈ మందు ఇవ్వాలంటే స్కాన్‌లోనో పరీక్షలోనో అమిలాయిడ్ కనబడాలి. జ్ఞాపకం తగ్గిన నల్లజాతి, హిస్పానిక్ వృద్ధుల్లో అమిలాయిడ్ కనబడేవారు తెల్లజాతివారికన్నా తక్కువ. ఇందాక చెప్పిన రక్తనాళాల దెబ్బ చాలామందిలో ఉండటం దీనికి ఒక కారణం కావచ్చు. కొత్తగా వస్తున్న రక్తపరీక్షల అంకెలు కూడా కిడ్నీ జబ్బు, లావు ఉన్నవారిలో పక్కకు జరుగుతాయి. ఆ రెండూ ఎవరిలో ఎక్కువో మళ్లీ చెప్పక్కర్లేదు. ఒక జాతివారి మెదళ్లనే ఎక్కువగా చూసి జబ్బుకు నిర్వచనం రాసుకుంటే, అందులో ఇమడని జబ్బుకు మందు ఎప్పటికి తయారవుతుందో.

ఇంత ఖరీదు లేని దారి ఒకటుంది, దాని గురించి ఎవరూ హడావిడి చెయ్యరు. 2019లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనంలో 9,361 మందికి బీపీ మందులిచ్చారు. వారిలో దాదాపు మూడోవంతు నల్లజాతివారు. పై అంకె 140 లోపు ఉంచినవాళ్లకన్నా 120 లోపు ఉంచినవాళ్లలో, డిమెన్షియాకు ముందు వచ్చే తేలికపాటి మతిమరుపు 19 శాతం తగ్గింది. డిమెన్షియా కూడా తగ్గినట్టే కనబడింది గానీ గట్టిగా రుజువు కాలేదు. 2024లో వైద్య పత్రిక లాన్సెట్ వేసిన నిపుణుల కమిషన్ 14 కారణాలను సరిచేయగలిగితే ప్రపంచంలో డిమెన్షియా కేసుల్లో 45 శాతం దాకా ఆపడమో వాయిదా వేయడమో చేయవచ్చని చెప్పింది. చదువు లేకపోవడం, బీపీ, షుగరు, చెడ్డ కొలెస్టరాల్, చెవుడు, చూపు మందగించడం, ఒంటరితనం, గాలి కాలుష్యం అందులో ఉన్నాయి. ఆ జాబితాలో జాతి లేదు. ఇబాదాన్, మేవుడ్, మిసిసిపీ బడి, ఇవన్నీ మాత్రం ఆ జాబితాలో ఏదో ఒక వరుసలో కనబడతాయి.

పెద్దమ్మ ఆ ఏడాది చివర్లో ఇండియాకు వచ్చినప్పుడు హైదరాబాదులో ఒక డాక్టరమ్మకు చూపించాం. ఆవిడ తెలుగులో, చదువు రానివాళ్ల కోసం మార్చిన పరీక్ష పెట్టింది. వంద నోటిచ్చి ఏడు రూపాయల కొత్తిమీర కొంటే ఎంత తిరిగి రావాలి అంటే పెద్దమ్మ రెప్ప వేయకుండా తొంభైమూడు అంది. "ఏడు రూపాయలకు ఇప్పుడెవరిస్తారమ్మా" అని కూడా అంది. తిథి, కార్తె, వారం, అన్నీ సరిగ్గా చెప్పింది. మేం గెలిచేశాం అనుకున్నాం. మొదట చెప్పి గుర్తుపెట్టుకోమన్న మూడు మాటల దగ్గర ఆగిపోయింది. ఒకటే గుర్తొచ్చింది. డాక్టరమ్మ కొంచెం అందించినా మిగతా రెండూ రాలేదు.

డాలస్ కాగితం తీసి చూస్తే అక్కడా ఆ మూడు మాటల దగ్గర సున్నాయే ఉంది. బడి చేసిన తప్పుల కుప్ప కింద అసలు తప్పు కనబడకుండా పోయింది. మధ్యదశ కాదు, ఇప్పుడే మొదలవుతోంది అంది డాక్టరమ్మ. బీపీ చూస్తే 168 మీద 94. డాలస్‌లో మాత్రలు అయిపోయాక, అక్కడ కొనడం దండగని ఎవరికీ చెప్పకుండా మానేసిందట.

ఇప్పుడు పెద్దమ్మ ఊళ్లోనే ఉంది. పొద్దున మాత్ర వేసుకోగానే వంటింటి గోడ దగ్గరికి వెళ్లి, పాల లెక్కకు గీసినట్టే, బొగ్గుతో ఒక గీత గీస్తుంది. అన్నయ్య వీడియో కాల్‌లో గీతలు లెక్కపెడతాడు.